సూర్య–భూమి–చంద్ర నమూనా: చంద్రకళలు నేర్పడానికి ఎంతవరకు పనికొస్తుంది?

విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో బోధనోపకరణాలు అమ్మే ఒక దుకాణంలో రూ.1,650 పెట్టి కొన్న సూర్య–భూమి–చంద్ర నమూనా గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పెట్టె మీద తయారీదారు పేరు లేదు, వస్తువు పేరు మాత్రమే ఉంది. కొద్దిపాటి తేడాలతో ఇలాంటి నమూనాలే చాలా బడుల ప్రయోగశాలల్లో కనిపిస్తాయి కాబట్టి, ఇక్కడ చెప్పేది వాటిలో చాలావాటికి వర్తిస్తుందని నా నమ్మకం. నా తీర్పు ముందే చెబుతాను. చాంద్రమాసానికి ఇరవైతొమ్మిదిన్నర రోజులు ఎందుకు పడుతుందో ఈ నమూనా చాలా చక్కగా చూపిస్తుంది. చంద్రకళల విషయంలో మాత్రం, పెట్టెలోంచి తీసినది తీసినట్టే వాడితే, పిల్లలకు తప్పు నేర్పుతుంది. ఒక పూట కూర్చుని నాలుగు మార్పులు చేసుకుంటే ఆ తప్పు పోతుంది. ఆ మార్పులేమిటో, ఎందుకు అవసరమో వివరంగా చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

వస్తువు నిర్మాణం తేలికగానే అర్థమవుతుంది. గుండ్రటి పీఠం మధ్యలో సూర్యుడి బదులు ఒక ఎల్‌ఈడీ బల్బు, దాని నుంచి చాచిన ప్లాస్టిక్ చేయి చివర 8 సెంటీమీటర్ల భూగోళం, ఆ గోళం చుట్టూ తిరిగే తీగకు గుచ్చిన చిన్న చంద్రుడు ఉంటాయి. పిడి తిప్పితే భూమి సూర్యుడి చుట్టూ, పళ్ళచక్రాల మీద ఉన్న రబ్బరు పట్టీ సాయంతో చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాయి. పీఠం మీద నెలల పేర్లు, చంద్రుడి ఎనిమిది దశల పేర్లు ఇంగ్లీషులో ముద్రించారు. భూమి అక్షం వంపు సరిగానే ఉంది, ఋతువులు చెప్పడానికి అది చాలు.

ఇక అసలు లోపానికి వస్తాను. చంద్రుడి గోళానికి సగం తెలుపు, సగం నలుపు రంగు వేసి ఇచ్చారు. వెలుగు పడే సగం తెల్లగా, పడని సగం నల్లగా చూపించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ గోళం తీగకు బిగిసి ఉండడం వల్ల తీగతోపాటే తిరుగుతుంది. తెల్ల సగాన్ని భూమివైపు పెట్టి తిప్పడం మొదలుపెడితే నెలంతా తెల్ల సగం భూమివైపే ఉంటుంది. పోనీ అమావాస్య స్థానంలో తెల్ల సగాన్ని బల్బువైపు తిప్పి పెడదామంటే, పౌర్ణమి స్థానానికి వచ్చేసరికి నల్ల సగం బల్బువైపు తిరిగి, పగలు ఉండాల్సిన చోట రాత్రి వచ్చి కూర్చుంటుంది. ఆదివారాలు మా ఇంటికి సైన్సు చెప్పించుకోవడానికి వచ్చే పిల్లల్లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె మొదటి రోజే ఈ సంగతి పట్టేసింది. "మాస్టారూ, తెల్ల సగం ఎప్పుడూ మనవైపే ఉంటే అమావాస్య ఎలా వస్తుందండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఈ నమూనాతో వచ్చిన చిన్న పుస్తకంలో ఒక్క వాక్యం కూడా సమాధానం లేదు.

చంద్రుడికి తెల్ల సగం, నల్ల సగం అంటూ శాశ్వతంగా రెండు భాగాలు లేవు. ఏ సమయంలోనైనా సూర్యుడికి ఎదురుగా ఉన్న సగం వెలుగుతుంది, వెనుక సగం తన నీడలోనే తాను ఉంటుంది. భూమికీ, గ్రహాలకూ, చంద్రుడికీ ఇదే వర్తిస్తుందని ఆర్యభటుడు 499లోనే స్పష్టంగా రాశాడు. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతున్నకొద్దీ, వెలిగిన ఆ సగంలో మనకు కనిపించే వంతు మారుతుంది, కళలంటే అంతే. కాబట్టి నమూనాలోని చంద్రుడికి రంగు వేయాల్సిన అవసరమే లేదు, వెలుగూ నీడా బల్బే వేయగలదు. నేను ఆ గోళాన్ని గరుకు కాగితంతో రుద్ది, మెరుపు లేని తెల్ల రంగు పూర్తిగా వేశాను. మెరిసే రంగు వేస్తే బల్బు ప్రతిబింబం చుక్కలా కనబడి పిల్లల దృష్టి దాని మీదికి పోతుంది, అందుకని మెరుపు లేనిదే తీసుకోవాలి. ఆరిన తరువాత భూమివైపు ముఖం మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను. ఇప్పుడు గోళం తీగకు బిగిసి ఉండడమే మేలయింది: చుక్క నెలంతా భూమినే చూస్తూ ఉంటుంది, కానీ సగం నెల వెలుగులోను, సగం నెల చీకటిలోను ఉంటుంది. చంద్రుడు మనకు ఎప్పుడూ ఒకే ముఖం ఎందుకు చూపిస్తాడో, చంద్రుడి మీద ఒక పగలు మన లెక్కలో దాదాపు 15 రోజులు ఎందుకు ఉంటుందో ఆ ఒక్క చుక్కతో చెప్పవచ్చు.

రెండవ మార్పు వస్తువులో కాదు, దాన్ని చూసే తీరులో చేయాలి. బల్ల మీద పెట్టి చుట్టూ నిలబడి చూస్తే పిల్లలకు కనిపించేది పైనుంచి చూసిన దృశ్యం, అందులో చంద్రుడు ఎక్కడున్నా సగమే వెలిగి ఉంటాడు. కళ ఒక్కటీ కనిపించదు. ఈ రకం నమూనాలన్నిటిలోను నాకు కనిపించిన పెద్ద ఇబ్బంది ఇదే: చంద్రకళలు భూమి నుంచి చూసేవాడికే ఉంటాయి, నమూనా మాత్రం మనల్ని భూమికి బయట నిలబెడుతుంది. అందుకని గది చీకటి చేసి, భూగోళాన్ని దాని ఇరుసు నుంచి తీసేసి, ఆ స్థానంలో సెల్‌ఫోన్ కెమెరా ఉండేలా పట్టుకుని, కెమెరాను చంద్రుడివైపే తిప్పుతూ వీడియో తీయమని పిల్లలకు చెప్పాను. తీగ బల్బుకు ఎదురుగా ఉన్నప్పుడు తెరమీద గోళం నల్లగా ఉంది. కొద్దిగా ఎడమకు జరిపేసరికి కుడి అంచున సన్నని వెలుగు గీత, పావు చుట్టు తిరిగేసరికి కుడి సగమంతా వెలుగు, ఆ తరువాత నిండు వెలుగు, తిరిగి వచ్చేటప్పుడు ఎడమ సగం వరసగా కనిపించాయి. శుక్లపక్షంలో కుడివైపు, బహుళపక్షంలో ఎడమవైపు వెలుగు ఎందుకుంటుందో అప్పుడు వాళ్ళకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

అయితే నిండు వెలుగు కనిపించడానికి మరో అడ్డంకి దాటాలి. భూగోళం దాని స్థానంలో ఉన్నప్పుడు పౌర్ణమి చూపిద్దామంటే చంద్రుడు కనిపించడు. చంద్రుడి తీగ సమతలంగా ఉంది, పొడవు 14 సెంటీమీటర్లే, ముందున్నది 8 సెంటీమీటర్ల గోళం. దాని నీడ చంద్రుణ్ణి పూర్తిగా మింగేస్తుంది. అంటే ఈ నమూనా లెక్కన ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం పట్టాలి, ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం పట్టాలి. చంద్రకళలు భూమి నీడ వల్ల ఏర్పడతాయనే పొరపాటు అభిప్రాయం చదువుకున్నవాళ్ళలో కూడా గట్టిగా నాటుకుని ఉంది. ఇలాంటి నమూనా దాన్ని మరింత బలపరుస్తుంది కాబట్టే దీన్ని చిన్న లోపంగా నేను తీసుకోవడం లేదు.

నిజం తెలియాలంటే కొలతలు చూడాలి. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు, రెండింటి మధ్య సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అంటే ముప్ఫై భూగోళాలు వరసగా పేర్చినంత దూరం. ఈ నమూనాలోని 8 సెంటీమీటర్ల భూమికి తగినట్టు పెట్టాలంటే చంద్రుడు దాదాపు 2.2 సెంటీమీటర్లు ఉండాలి, 2.4 మీటర్ల దూరంలో తిరగాలి. సూర్యుడు దాదాపు 940 మీటర్ల అవతల ఉండాలి. చంద్రుడి కక్ష్య భూకక్ష్యకు 5 డిగ్రీల మేరకు వాలి ఉంటుంది. 2.4 మీటర్ల దూరంలో ఆ వాలు చంద్రుణ్ణి 21 సెంటీమీటర్ల వరకు పైకో కిందికో తీసుకెళ్తుంది, అక్కడ భూమి నీడ వెడల్పు మాత్రం 6 సెంటీమీటర్ల లోపే. అందుకే చాలా పౌర్ణములలో చంద్రుడు నీడకు పైనుంచో కిందినుంచో తప్పించుకుని వెళ్ళిపోతాడు. పిల్లల చేత గది ఈ గోడ నుంచి ఆ గోడ వరకు దారం కట్టించి, ఒక చివర భూగోళం, మరో చివర చంద్రుణ్ణి పెట్టిస్తే ఈ దూరం ఒక్కసారిగా బోధపడుతుంది. నమూనాలోని 14 సెంటీమీటర్లను చూసి ఎప్పటికీ బోధపడదు. మూడవ మార్పుగా తీగ విషయంలో నేను చేసినది తాత్కాలికమైన ఉపాయమే: తీగ మొదట్లో వంచి, పౌర్ణమి చూపించేటప్పుడు చంద్రుణ్ణి నీడ పైకి లేపుతాను, అమావాస్యకు కిందికి దించుతాను. వంపును అసలు కంటే చాలా ఎక్కువ చేసి చూపిస్తున్నానని ప్రతిసారీ పిల్లలకు చెబుతాను. తయారీదారులు తీగకు బదులు వాలుగా బిగించిన ఒక వలయం పెట్టి ఉంటే ఈ తంటా తప్పేది, ఖర్చు కూడా పెద్దగా పెరిగేది కాదు.

భూమి నీడ వల్ల కళలు ఏర్పడవని నమ్మించడానికి నమూనా కంటే ఆకాశమే మంచి సాక్షి. శుక్ల అష్టమినాడు మధ్యాహ్నం నాలుగు గంటలకు డాబా మీదికి వెళ్తే, పడమట సూర్యుడు, తూర్పున సముద్రంవైపు బాగా పైకెక్కిన అర్ధచంద్రుడు ఒకేసారి కనిపిస్తారు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కున పడుతుంది, చంద్రుడు అప్పుడు సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్నాడు, నీడ దగ్గరకు రానే లేదు. పైగా వెలుగు, చీకటి కలిసే గీత ఆ రోజు తిన్నగా ఉంటుంది. గుండ్రటి భూమి నీడ అంచు అలా తిన్నగా ఉండే అవకాశమే లేదు. నమూనా నుంచి తెల్ల గోళాన్ని ఊడదీసి డాబా మీదికి పట్టుకెళ్ళాను. ఎండలో నిలబడి, చేయి చాచి, ఆకాశంలోని చంద్రుడి పక్కనే కనిపించేలా గోళాన్ని పట్టుకోమని పిల్లలకు ఇచ్చాను. గోళం మీద వెలిగిన భాగం, చంద్రుడి మీద వెలిగిన భాగం ఆకారంలోను, వాలులోను ఒకటే. రెండింటినీ వెలిగించేది అదే సూర్యుడు, రెండింటినీ చూసే దిక్కు ఒకటే, కాబట్టి వేరుగా ఉండే వీలే లేదు. నేను ఖర్చు పెట్టిన రూ.1,650లో అత్యంత విలువైన భాగం ఈ చిన్న గోళమే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ విలువ ఏ ప్లాస్టిక్ బంతికైనా తెల్ల రంగు వేస్తే వస్తుందన్నది కొనబోయేవారు గమనించాలి.

నాలుగవ మార్పు పీఠం మీద ముద్రించిన పేర్లది. ఎనిమిది ఇంగ్లీషు పేర్ల స్థానంలో నేను ముప్ఫై తిథుల కాగితపు చక్రం అంటించాను. ఈ పని మన పంచాంగం చేతిలో ఉన్నవాళ్ళకే ఇంత సులువు: సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి, 360 డిగ్రీలకు 30 తిథులు. అమావాస్య ఘడియలు ముగిసే క్షణంలో కోణం సున్న, శుక్ల అష్టమి మధ్యలో 90, పౌర్ణమి ముగిసే క్షణంలో 180. చక్రం అంటించాక పిల్లలు పంచాంగం తెరిచి ఆ రోజు తిథి చూసి, నమూనాలో చంద్రుణ్ణి అక్కడ పెట్టి, సాయంత్రం ఆకాశంతో పోల్చుకోవడం మొదలుపెట్టారు. కళ ప్రతిరోజూ సమానంగా పెరగదని కూడా దీని వల్లనే వాళ్ళు గుర్తించారు. శుక్ల చవితి ముగిసేసరికి చంద్రబింబంలో 16 శాతమే వెలుగుతుంది, అష్టమి ముగిసేసరికి 55 శాతం దాటుతుంది, త్రయోదశి ముగిసేసరికి 96 శాతానికి చేరుతుంది. అష్టమి దగ్గర వెలుగు వేగంగా పెరిగి, పౌర్ణమి దగ్గర నెమ్మదిస్తుంది కాబట్టే త్రయోదశి, చతుర్దశి చంద్రుణ్ణి చూసి చాలామంది పున్నమి అనుకుంటారు.

ఉదయాస్తమయ వేళలు చెప్పడానికీ ఈ చక్రం పనికొచ్చింది. భూగోళం మీద మన ఊరి దగ్గర గుండుసూదిలాంటిది అంటించి, గోళాన్ని చేత్తో తిప్పితే, ఏ తిథినాటి చంద్రుడు ఎప్పుడు కనబడతాడో తెలుస్తుంది. అమావాస్యనాడు సూర్యుడితోపాటు, శుక్ల అష్టమికి మధ్యాహ్నం, పౌర్ణమికి సూర్యాస్తమయ వేళ, బహుళ అష్టమికి అర్ధరాత్రి ఉదయిస్తాడు. సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. విశాఖ 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశంలో, భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖకు చాలా దగ్గరలో ఉండడం వల్ల మన గడియారానికీ, స్థానిక సౌరకాలానికీ సగటు తేడా మూడు నిమిషాలే. నమూనాలో చూసిన వేళలు గుజరాత్‌లోనో అసోంలోనో కంటే ఇక్కడ బాగా సరిపోతాయి. అట్లతద్దికి ఆడపిల్లలు చంద్రుడి కోసం ఎందుకంతసేపు ఎదురుచూడాలో మా పిల్లలు నమూనా మీదే లెక్క కట్టారు: ఆశ్వయుజ బహుళ తదియ అంటే పున్నమి దాటి మూడో తిథి, సూర్యాస్తమయం అయిన తరువాత గంటన్నర, రెండు గంటలకు గాని చంద్రోదయం కాదు. తూర్పున సముద్రం ఉన్న ఊరు కాబట్టి పున్నమి చంద్రోదయం మనకు బీచ్‌లో అడ్డులేకుండా దొరుకుతుంది. నెలవంక కోసం మాత్రం పడమటి దిక్కు చూడాలి, అక్కడ భవనాలూ కొండలూ అడ్డుపడతాయి, ఎత్తయిన డాబా అవసరమవుతుంది.

చిన్న పుస్తకం గురించి కూడా చెప్పాలి. అందులోని బొమ్మల్లో నెలవంక నిలువుగా నిలబడి ఉంటుంది. మన ఊళ్ళో శుక్ల తదియనాటి నెలవంకను చూసిన పిల్లవాడు ఆ బొమ్మను నమ్మడు, ఎందుకంటే మనకు అది నీటిమీద పడవలా కొమ్ములు పైకి పెట్టి కనిపిస్తుంది. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, ఇక్కడ సూర్యుడు పడమట బాగా నిటారుగా కిందికి దిగుతాడు, అస్తమించిన సూర్యుడు చంద్రుడికి ఇంచుమించు అడుగునే ఉంటాడు కాబట్టి వెలిగే అంచు కిందివైపు ఉంటుంది. మాఘ, ఫాల్గుణ మాసాలలో దాదాపు సమంగానూ, భాద్రపద, ఆశ్వయుజాలలో ఒక పక్కకు ఒరిగీ కనబడుతుంది. ఎక్కడో ఉత్తర దేశాల ఆకాశాన్ని చూసి గీసిన బొమ్మలను మన పిల్లలకు ఇచ్చి, ఆకాశాన్ని దానితో పోల్చుకోమనడం సరైన పని కాదు. 1840లో ఖగోళ పరిశీలకుడు గోడే వెంకట జగ్గారావు తన సొంత ఖగోళ వేధశాల స్థాపించినది ఈ డాబా గార్డెన్స్‌లోనే. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఈ ఊరి నుంచే 1874 శుక్ర సంక్రమణాన్ని, అంటే శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని, పరిశీలించారు. అలాంటి చోట అమ్మే నమూనాకు తెలుగులో నాలుగు పేజీల వివరణ, ఈ అక్షాంశానికి తగిన బొమ్మలు కోరడం అత్యాశ కాదని నా అభిప్రాయం.

ఇక మెచ్చుకోవలసిన అంశం. చంద్రుడు భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి 27.32 రోజులు పడుతుంది, అమావాస్య నుంచి అమావాస్యకు మాత్రం 29.53 రోజులు. ఈ రెండు రోజుల తేడాను నల్లబల్ల మీద బొమ్మ గీసి వివరించడం చాలా కష్టం, ఈ నమూనాతో రెండు నిమిషాల పని. చంద్రుడు, బల్బు, గది కిటికీ ఒకే వరసలో ఉండేలా పెట్టి పిడి తిప్పడం మొదలుపెట్టాలి. చంద్రుడి తీగ ఒక చుట్టు పూర్తిచేసి మళ్ళీ కిటికీవైపు తిరిగిన క్షణంలో ఆపితే, ఈలోగా భూమి తన కక్ష్యలో ముందుకు జరిగిపోయి, బల్బు ఆ వరసలో ఉండదు. చంద్రుడు బల్బుకు ఎదురుగా రావడానికి ఇంకొంచెం తిరగాలి. ఆ ఇంకొంచెమే రెండు రోజుల పైచిలుకు. పళ్ళచక్రాలు ఈ కదలికను నమ్మకంగా చూపిస్తాయి. అంత కచ్చితంగా చేతితో గోళాలు తిప్పి చూపించడం నావల్ల అయ్యే పని కాదు.

మన్నిక సంగతి అంత బాగాలేదు. సముద్రం దగ్గరి ఇళ్ళలో ఉప్పుగాలికి బ్యాటరీ గదిలోని స్ప్రింగు త్వరగా తుప్పు పడుతుంది. మా నమూనాలో ఒక్క వర్షాకాలానికే బల్బు మిణుకుమిణుకుమనడం మొదలైంది, గరుకు కాగితంతో గీకితే మళ్ళీ వెలిగింది. వాడనప్పుడు బ్యాటరీలు తీసేయడం మంచిది. రబ్బరు పట్టీ వదులై జారుతుంటే విడిగా పట్టీ కావాలని దుకాణంలో అడిగాను. విడిభాగాలు రావని, కావాలంటే మొత్తం నమూనా మరొకటి తీసుకోమని చెప్పారు. చివరకు టేపురికార్డర్లు బాగుచేసే ఒకాయన దగ్గర సరిపడే పట్టీ దొరికింది.

బడికైతే దీన్ని కొనమనే చెబుతాను, చంద్రుడి గోళానికి తెల్ల రంగు, పీఠానికి తిథుల చక్రం వేసుకుంటామన్న షరతు మీద. ఇంట్లో ఒక్క పిల్లవాడికి కళలు మాత్రమే చెప్పాలనుకునే తల్లిదండ్రులు ఈ ఖర్చు పెట్టనక్కరలేదు. చీకటి గదిలో ఒక బల్బు, చేతిలో తెల్ల బంతి, పక్కన పంచాంగం ఉంటే, పిల్లవాడి తలే భూమి అవుతుంది. బల్బుకు ఎదురుగా నిలబడి, బంతిని తలకంటే కొంచెం ఎత్తులో చేయి చాచి పట్టుకుని, ఎడమకు మెల్లగా ఒక చుట్టు తిరిగితే నెలలోని కళలన్నీ వరసగా కనిపిస్తాయి. నమూనాయే కొనాలనుకుంటే దుకాణంలోనే బల్బు వెలిగించి చూసి, పిడిని ఒక పూర్తి చుట్టు తిప్పించి, పట్టీ జారడం లేదని, చంద్రుడి గోళం తీగ నుంచి ఊడి వస్తుందని నిర్ధారించుకున్నాకే డబ్బు చెల్లించండి.